వెయ్యి మంది కూడా లేని కౌంటీ సీట్‌లో డాక్టర్‌గా చేరొచ్చా?

డాక్టర్ గారూ, మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: మీరు ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ ఆఖరి ఏడాదిలో ఉన్నారు. జె-1 వీసా వెయివర్ (మినహాయింపు) మీద నైరుతి కాన్సాస్‌లో ఒక ఆఫర్ వచ్చింది. ఊరి జనాభా వెయ్యి కూడా లేదు, కానీ ‘కౌంటీ సీట్’ అని రాశారు. జిల్లా కేంద్రం అంత చిన్నగా ఎలా ఉంటుంది, భార్యతో, ఐదేళ్ల పాపతో అక్కడ మూడేళ్లు ఉండగలమా అని అడిగారు.

ఉండగలరు. జనాభా చూసి భయపడి ఆఫర్ వదులుకోవద్దు. కానీ సంతకం పెట్టే ముందు ఆ ఊళ్లో కోర్టు భవనం, ఆసుపత్రి, బడి, గింజల ఎలివేటర్ (రైతుల ధాన్యం తీసుకుని నిల్వ చేసే చోటు), ఈ నాలుగూ సరిగ్గా నడుస్తున్నాయా అని స్వయంగా వెళ్లి చూసుకోండి. నాలుగూ నడుస్తుంటే ఊరు నిలబడుతుంది, మీ ఉద్యోగం నిలబడుతుంది. ఏ ఒక్కటి ఊగిసలాడుతున్నా రెండో ఏడాదికే టెన్షన్ మొదలవుతుంది.

నేనూ కాన్‌రాడ్ 30 అనే ఈ వెయివర్ పథకం కింద వచ్చినదాన్నే. 1994 నుంచి ఉన్న పద్ధతి ఇది. జె-1 వీసా మీద శిక్షణకు వచ్చినవాళ్లు రెండేళ్లు స్వదేశానికి వెళ్లి ఉండాలన్న నిబంధన నుంచి ఒక్కో రాష్ట్రం ఏడాదికి 30 మంది డాక్టర్లకు మినహాయింపు ఇప్పించొచ్చు. బదులుగా డాక్టర్ల కొరత ఉన్న చోట మూడేళ్లు పనిచేయాలి. నేను మూడేళ్లకని వెళ్లి తొమ్మిదేళ్లు ఉన్నాను. ఇప్పుడు కాన్సాస్‌లోనే విచిటా నగరంలో ఉంటున్నాను. పనిచేసిన ఊరి పేరు రాయను. అంత చిన్న ఊళ్లో పేరు చెబితే పేషెంట్లెవరో తెలిసిపోతుంది. మీరూ మీ ఊరి పేరు రాయలేదు కాబట్టి, మా ఊరికి గంట దూరంలో ఉన్న గ్రీన్స్‌బర్గ్‌ని తీసుకుని చెప్తాను. విచిటా వెళ్లినప్పుడల్లా దాని మీదుగానే వెళ్లేదాన్ని, ఆగి తిరిగేదాన్ని. ఆ ప్రాంతంలో కౌంటీ సీట్ అంటే ఏమిటో నాకు ఆ ఊరే నేర్పింది.

గ్రీన్స్‌బర్గ్ కయోవా కౌంటీకి సీట్. 2020 లెక్కల్లో ఊరి జనాభా 740. కౌంటీ మొత్తం కలిపినా 2,460. మన దగ్గర ఒక మోస్తరు పంచాయతీలో అంతకంటే ఎక్కువ మంది ఉంటారు. విస్తీర్ణం మాత్రం 700 చదరపు మైళ్లు దాటుతుంది. అంటే మనిషికీ మనిషికీ మధ్య ఉన్నదంతా గోధుమ చేలు, మొక్కజొన్న, పశువుల మేత భూములు.

కౌంటీ సీట్ అంటే అధికారాల్లో మన జిల్లా కేంద్రం, మనుషుల్లో మండల కేంద్రం కన్నా చిన్నది. కాన్సాస్‌లో ఇలాంటి కౌంటీలు 105 ఉన్నాయి. రైతు గుర్రబ్బండి మీద పొద్దున బయల్దేరి కోర్టు పని చూసుకుని చీకటి పడేలోగా ఇంటికి చేరుకునేంత దూరంలో గీతలు గీశారని అక్కడి పెద్దవాళ్లు చెబుతారు. కలెక్టర్ ఉండడు. కమిషనర్లను జనమే ఎన్నుకుంటారు. షెరీఫ్‌నీ, కౌంటీ అటార్నీనీ, ట్రెజరర్‌నీ, క్లర్క్‌నీ, ఆఖరికి భూముల దస్తావేజులు రిజిస్టర్ చేసే అధికారినీ ఓట్లేసే ఎన్నుకుంటారు. వీళ్లంతా ఒకే భవనంలో కూర్చుంటారు. అదే కోర్ట్‌హౌస్.

దీని వల్ల మీకేం లాభం? నేను చేరిన మొదటి వారం కారు నంబర్ ప్లేటు కోసం ట్రెజరర్ ఆఫీసుకి వెళ్లాను. చికాగోలో ఆ పనికి సగం రోజు క్యూలో నిలబడ్డ అనుభవం ఉంది కాబట్టి పుస్తకం కూడా పట్టుకెళ్లాను. కౌంటర్ దగ్గర ఒక్కరు కూడా లేరు. కౌంటర్‌లో ఉన్నావిడ నా కాగితాలు చూసి, ‘కొత్త డాక్టరు మీరేనా, మా అమ్మకి మీ దగ్గరే వచ్చే మంగళవారం అపాయింట్‌మెంట్’ అంది. ప్లేటు పది నిమిషాల్లో చేతికొచ్చింది. మీ పేరు మీరు చెప్పకముందే ఊరంతా తెలిసిపోతుంది. కొందరికి ఇది హాయిగా ఉంటుంది, కొందరికి ఊపిరాడదు. మీరూ మీ ఆవిడా ఏ రకమో ముందే కూర్చుని మాట్లాడుకోండి.

ఆ కోర్ట్‌హౌస్ ఊళ్లో ఉండటమే ఊరికి ప్రాణం. ఆ సంగతి అక్కడి వాళ్లకు 130 ఏళ్ల కిందటే తెలుసు. 1880ల్లో రైలు రాగానే పశ్చిమ కాన్సాస్‌లో ఊళ్లు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి. సీట్ దక్కిన ఊరు బతికేది, దక్కని ఊరు చాలాసార్లు చేలల్లో కలిసిపోయేది. అందుకే తుపాకులు పట్టుకుని కొట్టుకున్నారు. డాడ్జ్ సిటీ పక్కనే ఉన్న గ్రే కౌంటీలో 1889 జనవరిలో, సిమరాన్ కోర్ట్‌హౌస్‌లో ఉన్న రికార్డు పుస్తకాలు ఎత్తుకెళ్లడానికి ఇంగల్స్ ఊరివాళ్లు కిరాయి తుపాకీ వీరులతో వచ్చారు. కాల్పుల్లో ప్రాణం పోయింది. ఇంతా చేస్తే ఇవాళ సీట్ సిమరాన్‌లోనే ఉంది. మనకిది వింతేమీ కాదు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు రాజంపేటలో, హిందూపురంలో జిల్లా కేంద్రం కోసం జనం రోడ్డెక్కిన సంగతి గుర్తుండే ఉంటుంది. ఆఫీసులెక్కడుంటే బేరాలక్కడుంటాయి.

గ్రీన్స్‌బర్గ్ కూడా 1886లో పుట్టిన ఊరే. ‘కానన్‌బాల్’ గ్రీన్ అని గుర్రాల స్టేజికోచ్‌లు నడిపిన ఆయన పేరే ఊరికి పెట్టారు. వెంటనే నీళ్ల సమస్య వచ్చింది. 1887-88లో మనుషులతోనే ఒక బావి తవ్వించారు. 32 అడుగుల వెడల్పు, 109 అడుగుల లోతు. చేత్తో తవ్విన బావుల్లో ప్రపంచంలోనే పెద్దదని ఆ ఊరివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. 1932 దాకా ఊరు ఆ నీళ్లే తాగింది. ఇప్పుడు దాని మీద మ్యూజియం ఉంది, గోడ చుట్టూ తిరుగుతూ దిగే మెట్లున్నాయి. మా అమ్మ ప్రకాశం జిల్లా మనిషి, బావుల సంగతి నాకంటే బాగా తెలుసు. ఇక్కడికి వచ్చినప్పుడు తీసుకెళ్తే సగం మెట్లు దిగి ఆగి, రాతి కట్టుడు మీద చెయ్యి పెట్టి, ‘ఇంత వెడల్పున గోడ కూలకుండా కట్టుకుంటూ దిగారంటే మాటలు కాదే’ అంది. ఆ చల్లదనానికి ఆవిడ చాలాసేపు పైకి రాలేదు.

అదే మ్యూజియంలో వెయ్యి పౌండ్ల ఉల్క ఉంది. పక్క ఊరు హావిలాండ్ చేలల్లో దొరికింది. 1880ల్లో ఎలైజా కింబర్లీ అనే రైతు భార్య, పొలంలో నాగలికి తగులుతున్న నల్లరాళ్లు మామూలు రాళ్లు కావని పట్టుబట్టి పోగేసింది. ఇంట్లో వాళ్లే నవ్వారట. చివరికి 1890లో ఒక ప్రొఫెసర్ వచ్చి చూసి, ఉల్కలని తేల్చి కొనుక్కున్నాడు. మీ పాపని తప్పకుండా తీసుకెళ్లి చూపించండి.

ఇక అసలు విషయం. 2007 మే 4, శుక్రవారం. రాత్రి తొమ్మిదీ నలభై ఐదు ప్రాంతంలో ఊరి మీదుగా టోర్నడో వెళ్లింది. దాని వెడల్పు 1.7 మైళ్లు. ఊరి కంటే అదే వెడల్పు. గాలి గంటకు 200 మైళ్లు దాటింది. అమెరికా అదే ఏడాది తెచ్చిన కొత్త కొలమానంలో ఈఎఫ్-5, అంటే అన్నిటికంటే పై స్థాయి పడ్డ మొదటి టోర్నడో అది. ఊళ్లో 95 శాతం నేలమట్టమైంది. ఆసుపత్రి పోయింది, బడి పోయింది. కోర్ట్‌హౌస్ గోడలూ, గింజల ఎలివేటరూ నిలిచాయి. పదకొండు మంది చనిపోయారు. అంత విధ్వంసంలో ఇంకా ఎక్కువ మంది పోకపోవడానికి కారణం, సైరన్లు ముందే మోగడం, జనం బేస్‌మెంట్లలోకి దిగడం. నా పేషెంట్ ఒకావిడ ఆ రాత్రి తన అక్క ఇంట్లో ఉంది. బేస్‌మెంట్‌లో మెట్ల కింద పరుపు తమ మీద కప్పుకుని కూర్చున్నారట. చెవులు పట్టేసినట్టయి, పైన ఏదో బరువైనది ఈడుస్తున్నట్టు వినిపించి, తర్వాత ముఖం మీద వాన పడిందని చెప్పింది. వాన పడ్డాకే పైన ఇల్లు లేదని అర్థమైందట.

సాధారణంగా అలాంటి ఊరు అక్కడితో సరి. యువకులు అప్పటికే నగరాలకు వెళ్లిపోతున్నారు. కానీ కౌంటీ సీట్ కావడంతో ఆఫీసులు ఎక్కడో ఒక చోట పెట్టక తప్పదు, అది ఇక్కడే పెడదామని పట్టుబట్టారు. నేను ఆ ఊరిని మెచ్చుకునేది ఇందుకే. టెంట్లలో మీటింగులు పెట్టుకున్నారు. 4,000 చదరపు అడుగులు దాటిన ప్రతి నగర భవనమూ ‘లీడ్ ప్లాటినమ్’ స్థాయిలో, అంటే కరెంటూ నీళ్లూ అతి తక్కువ వాడేలా కట్టాలని సిటీ కౌన్సిల్ తీర్మానించింది. దేశంలో ఆ తీర్మానం చేసిన మొదటి ఊరు అదే. కాన్సాస్ యూనివర్సిటీ విద్యార్థులు ఒక ఆర్ట్స్ సెంటర్ కట్టి తెచ్చి ఇచ్చారు. దానికి పెట్టిన పేరు 5.4.7, టోర్నడో వచ్చిన తేదీ. వీధి దీపాలన్నీ ఎల్ఈడీలు వేశారు. ఊరి బయట 12.5 మెగావాట్ల గాలిమరలు వచ్చాయి. ఊరిని పడగొట్టిన గాలే ఇప్పుడు కరెంటు ఇస్తోంది. 2008 మే 4న, సరిగ్గా ఏడాదికి, హైస్కూలు పిల్లల గ్రాడ్యుయేషన్‌కి అప్పటి అధ్యక్షుడు బుష్ వచ్చి మాట్లాడారు. 2010లో కొత్త ఆసుపత్రి, కొత్త బడి తెరిచారు.

మరి జనం తిరిగొచ్చారా? పూర్తిగా రాలేదు. 2000లో 1,574 మంది ఉన్న ఊరు 2010లో 777కి పడింది, 2020లో 740. పాత ఇళ్లకు వచ్చిన ఇన్సూరెన్స్ డబ్బుతో కొత్త ఇల్లు లేవదు. డెబ్బై ఏళ్లు దాటినవాళ్లు పిల్లల దగ్గరకో, ముప్ఫై మైళ్ల దూరంలోని ప్రాట్‌కో వెళ్లిపోయారు. పెద్ద చెట్లు పోవడంతో ఈనాటికీ ఊరు కాస్త బోసిగా, వీధుల్లో ఇంటికీ ఇంటికీ మధ్య ఖాళీ స్థలాలతో కనిపిస్తుంది. అందుకే జనాభా అంకెను నమ్మొద్దంటున్నాను. 777 నుంచి 740 అంటే పదేళ్లలో పోయింది 37 మంది. సగం ఊరు పోయాక మిగిలినవాళ్లు నిలబడ్డారన్న మాట. అదే, అంకె పెద్దదై, ఏటా బడిలో పిల్లలు తగ్గిపోతున్న ఊరైతే నేను చేరమని చెప్పను.

ఇప్పుడు మీరు చూడాల్సిన నాలుగింటి సంగతి.

ఆసుపత్రి. మీకొచ్చిన ఆఫర్ దాదాపుగా ‘క్రిటికల్ యాక్సెస్’ ఆసుపత్రి నుంచే అయ్యుంటుంది. 25 పడకలకు మించకూడదు, పేషెంట్లను సగటున 96 గంటల లోపు పంపించేయాలి, బదులుగా మెడికేర్ (ప్రధానంగా వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) ఖర్చు ప్రకారం చెల్లిస్తుంది. 1997లో వచ్చిన ఈ ఏర్పాటు లేకపోతే ఈ ఊళ్లలో ఆసుపత్రులే మిగిలేవి కావు. చాలా చోట్ల ఆసుపత్రి కౌంటీదే, ఆస్తి పన్నులో కొంత భాగం దానికి వెళ్తుంది. కాబట్టి ఇంటర్వ్యూలో సిగ్గుపడకుండా అడగండి: ఆసుపత్రికి పన్ను ఎంత వస్తోంది, చేతిలో ఉన్న డబ్బు ఎన్ని రోజుల ఖర్చుకు సరిపోతుంది, గత ఐదేళ్లలో ఎంతమంది డాక్టర్లు మానేశారు. నాకు జరిగింది చెప్తాను. నా ఒప్పందంలో మూడు రోజులకు ఒకసారి కాల్ (ఏ వేళ పిలిచినా వెళ్లాల్సిన డ్యూటీ) అని రాసుంది. మూడో డాక్టర్ పోస్టు ఖాళీగా ఉందని చేరాక తెలిసింది. పద్నాలుగు నెలలు రోజు విడిచి రోజు కాల్ చేశాను. కాల్ ఎన్ని రోజులకు ఒకసారో కాదు, ఎంతమంది మధ్య పంచుతారో, ఒకరు మానేస్తే ఏం చేస్తారో ఒప్పందంలో రాయించుకోండి. వెయివర్ మీద ఉన్నాక మధ్యలో మారడం చాలా కష్టం.

ఎలివేటర్. డాక్టరుకి గింజల ఎలివేటర్‌తో ఏం పని అనుకుంటారు. జూన్ మూడో వారంలో ఒక సాయంత్రం అక్కడికి వెళ్లి నిలబడండి. గోధుమ లారీలు వరసగా కాటా మీదికొస్తాయి. పైనుంచి ఒక గొట్టం గింజల్లోకి దిగి శాంపిల్ తీస్తుంది, తేమ చూస్తారు, కింద జల్లెడ లాంటి ఇనుప కమ్మీల మధ్య నుంచి గుంటలోకి గింజలు దిమ్మరిస్తారు, ఖాళీ లారీ మళ్లీ కాటా ఎక్కుతుంది. మన ధాన్యం కొనుగోలు కేంద్రం తతంగమే, మనుషులు మాత్రం నలుగురే. ఆ వరస అర్ధరాత్రి దాకా సాగుతుంటే ఆ ఏడాది ఊళ్లో డబ్బు తిరుగుతుంది, పన్ను వసూలవుతుంది, మీ క్లినిక్ నడుస్తుంది.

ఒక జూన్‌లో రాత్రి పది దాటాక డెబ్బై దాటిన రైతు ఈఆర్‌కి (అత్యవసర విభాగానికి) వచ్చాడు. ఛాతీ నొప్పి మధ్యాహ్నం నుంచే ఉంది. లోడు దింపాక చూసుకుందామనుకున్నాడు. కాటా దగ్గరమ్మాయి ఆయన ముఖం చూసి, కీస్ లాక్కుని, వేరే డ్రైవర్‌తో పంపించింది. ఈసీజీ స్టిక్కర్లు పెడితే నిలవవు. చెమటా, దాని మీద గోధుమ నుసి పేరుకుని ఉంది. నర్సు తడిగుడ్డతో ఛాతీ రెండుసార్లు తుడిస్తే గానీ ఒక్కటీ అంటుకోలేదు. పెద్ద హార్ట్ ఎటాక్. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చాం. గాలికి హెలికాప్టర్ రాలేనంది. అంబులెన్స్‌లో విచిటాకి రెండు గంటలకు పైనే. తోడు వెళ్లిన ఇద్దరిలో ఒకతను పగలు వెల్డింగ్ షాపు నడుపుకునే వాలంటీర్. పేషెంట్ బతికాడు. రెసిడెన్సీలో మీకు కార్డియాలజిస్టు పక్క వార్డులో ఉంటాడు. ఇక్కడ ఆ గంటలన్నీ మీరే. ఆ ధైర్యం ఇంకా రాలేదనిపిస్తే, మిగిలిన నెలల్లో ఈఆర్, ఐసీయూ రొటేషన్లు అదనంగా తీసుకోండి.

బడి. మీ పాప క్లాసులో పది, పదిహేను మంది ఉంటారు. చదువు ఫరవాలేదు, టీచరుకి పిల్ల పేరే కాదు కుక్క పేరు కూడా తెలిసే తీరు. హైస్కూల్లో అడ్వాన్స్‌డ్ కోర్సులు తక్కువ. మీకు ఇంకా ఆ బెంగ లేదు. చూడాల్సింది ఒక్కటే, పక్క కౌంటీతో బడి కలిపేస్తారన్న మాట ఊళ్లో నడుస్తోందా అని. బడి పోయిన ఊళ్లో కుర్ర కుటుంబాలు ఉండవు. శరత్కాలంలో శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ ఆటకు వెళ్లండి. ఇంత చిన్న బళ్లు పదకొండు మందికి బదులు ఎనిమిది మందితోనే ఆడతాయి. ఊరంతా అక్కడే ఉంటుంది. మీరు ఆ బెంచీల మీద నాలుగు శుక్రవారాలు కూర్చుంటే, మీరు చెప్పిన బీపీ మాత్ర పేషెంట్లు మానేయకుండా వేసుకుంటారు. నా విషయంలో నిజంగా జరిగింది.

కోర్ట్‌హౌస్ గురించి పైన చెప్పేశాను.

ఇక మీ ఆవిడ సంగతి. నా దృష్టిలో అసలు కష్టం ఆవిడదే. మీకు ఆసుపత్రి ఉంటుంది, పాపకి బడి ఉంటుంది. డిపెండెంట్ వీసా మీద ఆవిడకు వెంటనే ఉద్యోగం చేసే వీలుండకపోవచ్చు. తెలుగు మాట వినాలంటే ఫోనే. కందిపప్పుకీ, చింతపండుకీ, గుడికీ విచిటా వెళ్లాలి. గ్రీన్స్‌బర్గ్ నుంచైతే 110 మైళ్లు, మా ఊరి నుంచి ఇంకా ఎక్కువ. మేము నెలకోసారి వెళ్లి డీప్ ఫ్రీజర్ నింపుకునేవాళ్లం. గోంగూర పెరట్లో పెంచాను, అక్కడి ఎండకి బ్రహ్మాండంగా వస్తుంది. డాడ్జ్ సిటీ పశుమాంసం ఫ్యాక్టరీల ఊరు, స్పానిష్ మాట్లాడేవాళ్లు ఎక్కువ, వాళ్ల దుకాణాల్లో పచ్చిమిరపకాయలు, కొత్తిమీర దొరుకుతాయి. మా తోటి ఒక జంట మొదటి చలికాలంలోనే ఇబ్బందిపడ్డారు. ఆయనకు చేతినిండా పని, ఆవిడకు నాలుగు గోడలు. నేను చూసినంతలో నిలదొక్కుకున్న ఆడవాళ్లంతా మొదటి రెండు నెలల్లోనే లైబ్రరీకో, బడిలో వాలంటీర్ పనికో వెళ్లడం మొదలుపెట్టినవాళ్లే. పిలుపు కోసం చూడొద్దని చెప్పండి. అక్కడివాళ్లు మొహమాటస్థులు, మనం ఒకడుగు వేస్తే వాళ్లు నాలుగడుగులు వేస్తారు.

చర్చికి రమ్మని చాలామంది పిలుస్తారు. బలవంతం కాదు, అక్కడ పరిచయాలు కలిసేది అక్కడే. మేము భోజనాలకు వెళ్లేవాళ్లం, ప్రార్థనలకు వెళ్లేవాళ్లం కాదు, ఎవరూ నొచ్చుకోలేదు. రంగు చూసి ముఖం తిప్పుకున్నవాళ్లు లేరా అంటే, తొమ్మిదేళ్లలో ఇద్దరు నా దగ్గర చూపించుకోనన్నారు. వాళ్లలో ఒకాయన మూడో ఏడాది తనే వచ్చాడు.

చూడ్డానికి వెళ్లేటప్పుడు మీరొక్కరే వెళ్లకండి, ముగ్గురూ వెళ్లండి. ఆసుపత్రి వాళ్లు చూపించే టూర్ అయ్యాక ఒక రోజు అదనంగా ఉండి, మామూలు పనిరోజున కోర్ట్‌హౌస్ లోపలికి వెళ్లి, బడి వదిలే వేళకు గేటు దగ్గర నిలబడి, కిరాణా కొట్టులో కూరగాయలు తాజాగా ఉన్నాయో లేదో చూడండి. తర్వాత ఇళ్లు చూపిస్తారు. మొదట అడిగి బేస్‌మెంట్ తలుపు తీయించండి. మెట్లు దిగి, లైటు వేసి, ముగ్గురూ పట్టేంత చోటు మెట్ల కింద ఉందో లేదో చూశాకే వంటగది చూడండి.